రెండు మేకలు, ఒక పాల లెక్క

మేకలు రావడానికి నాలుగు వారాల ముందు

ఈ పనికి మొదట కొన్నది నోటుబుక్కు. మొదటి పేజీలో స్కేలు పెట్టి రెండు గడులు గీశాను: తేదీ, పాలు (మి.లీ.). ఇంట్లో ఇంకా మేక లేదు, లెక్క మాత్రం తయారు. మా ఆవిడ చూసి నవ్వి ఊరుకుంది.

ఒక్క మేకతో సరిపెడదామనుకున్నాను. మాకు కావలసిన పాలు తక్కువ, ఉన్న చోటూ తక్కువే. పశువుల డాక్టరుగారు వద్దన్నారు. "ఒంటిగా కట్టేస్తే రోజంతా మీకోసం అరుస్తుందండీ. ఆ అరుపులు విని చుట్టుపక్కలవాళ్ళు మీ మీద అరుస్తారు." మేక మందలో బతికే జీవి. తోడు లేకపోతే దిగులుపడుతుంది, మేత కూడా సరిగ్గా తినదు. సరే, రెండు. ఒకటి పాలకి, ఒకటి తోడుకి అని మనసులో పంచుకున్నాను. ఆ పంపకం ఎంత తెలివితక్కువదో తెలియడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది.

పాక 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. మేకకు చలి కన్నా తడి, ఈదురుగాలి ఎక్కువ చేటు. అందుకని నేల మీద పడుకోకుండా అడుగున్నర ఎత్తున చెక్క పట్టీలతో మంచె వేశాను. పట్టీల మధ్య సందుల్లోంచి పెంటికలు, మూత్రం కిందికి పోతాయి, పైన పొడిగా ఉంటుంది. నేను అంగుళం సందు వదిలాను. పెద్ద మేకలకు ఇబ్బంది లేదు గానీ, పుట్టిన పిల్ల కాలు అందులో దిగిపోతుందన్న ఆలోచనే రాలేదు. తర్వాత పట్టీలన్నీ ఊడదీసి అరంగుళం సందుతో మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. మీరు వేసుకుంటే ముందే అరంగుళం పెట్టుకోండి.

కంచె నాలుగున్నర అడుగులు. వల కన్నులు పెద్దవైతే కొమ్ములున్న తల లోపలికి దూరుతుంది, వెనక్కి రాదు. అందుకని చిన్న కన్నుల వల తీసుకున్నాను. పెరట్లో పూలతో నిండిన గన్నేరు చెట్టు ఒకటుండేది. దాని ఆకులు గుప్పెడైనా అక్కర్లేదు, కొన్ని తిన్నా మేక గుండె ఆగిపోవచ్చు. ఎండిన ఆకులోనూ విషం పోదు. చెట్టును వేళ్ళతో సహా తీయించి, రాలిన ఆకులన్నీ ఒక్కొక్కటీ ఏరాను. ఈ మొత్తం ప్రాజెక్టులో మొదటిసారే సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటా.

1వ రోజు

వచ్చాయి. పెద్దది నల్లది, నుదుటి మీద తెల్ల చుక్క ఉంది కాబట్టి పేరు చుక్క. దవడ తెరిచి చూస్తే నాలుగు పళ్ళు వేసింది, అంటే రెండేళ్ళ వయసు దాటింది. (పళ్ళు చూడటమంటే కింది దవడే. మేకకు పై దవడలో ముందు పళ్ళుండవు, గట్టి చిగురే.) ఇది రెండో చూలు, పోతు (మగమేక) దాటిన తేదీ, అంటే జతకట్టిన తేదీ, అమ్మినాయన రాసిచ్చాడు.

చిన్నది గోధుమరంగు, ఇంకా పాలపళ్ళే. మెడ కింద రెండు వైపులా వేలాడాల్సిన తిత్తుల్లో దీనికి ఒక్కటే ఉంది, ఒంటి చెవికి జూకా పెట్టుకున్నట్టు. పేరు జూకా. పనికిరాని దాన్ని మేక మెడ చన్నుతో పోలుస్తాం. ఆ తిత్తికి నిజంగానే పనేమీ లేదు. మా అమ్మాయి మాత్రం దాన్ని పట్టుకుని ఆడటానికే జూకా దగ్గరికి వెళ్తుంది.

చిటుకు రోగం, పారుడు రోగం టీకాల కాగితాలు తీసుకున్నాను. పారుడు రోగమంటే పీపీఆర్, మేకలకూ గొర్రెలకూ వచ్చే అంటురోగం. దీన్ని 2030 నాటికి భూమ్మీద లేకుండా చేయాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లక్ష్యం పెట్టుకున్నాయి. అప్పటిదాకా టీకాయే దిక్కు.

సాయంత్రం రెండూ ఒకటే అరుపులు. బకెట్టు బోర్లించి పాకలో కూర్చున్నాను. పలకరించలేదు, చెయ్యి చాపలేదు. నలభై నిమిషాలకు జూకా వచ్చి నా బూటు తాడు నమలడం మొదలుపెట్టింది.

2వ వారం

మేక ఏదైనా తినేస్తుందన్నది పచ్చి అబద్ధం. కింద పడ్డ ఎండుగడ్డిని మూతి కూడా ఆనించదు. నేను పెట్టిన తొట్టిలో జూకా రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, అందులోనే మూత్రం పోసి, తర్వాత ఆ గడ్డి బాగాలేదని అరిచింది. వారంలో మూడోవంతు గడ్డి ఎరువుకుప్పలోకే పోయింది. తొట్టి తీసేసి, తల ఎత్తి లాక్కుని తినేలా గోడకు కర్రల చట్రం బిగించాను. అసలు మేకది ఆవులా తల వంచి గడ్డి మేసే స్వభావం కాదు. మెడ చాచి, అవసరమైతే వెనక కాళ్ళ మీద నిలబడి, కొమ్మల ఆకులు తుంచుకు తింటుంది. చెట్టుకొమ్మ తాడుతో కట్టి వేలాడదీస్తే పది నిమిషాల్లో పుల్ల మిగులుతుంది.

తేమ తీసేసి లెక్కేస్తే, రోజుకు తన బరువులో 3 నుంచి 4 శాతం మేత తింటుంది. కొత్త మేత ఏదైనా వారం పది రోజుల్లో మెల్లమెల్లగా అలవాటు చేయాలి. కడుపులోని మొదటి, పెద్ద అరలో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు పాత మేతకు అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారి దాణా ఎక్కువైతే అవి తలకిందులై కడుపుబ్బరం, ఇంకా పెద్ద తంటాలు వస్తాయి. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి ఉంచితే లోపల అల కదిలినట్టు తెలుస్తుంది, నిమిషానికి ఒకటి రెండుసార్లు. ఇది డాక్టరుగారు నేర్పారు. చుక్కకి రోజూ చూస్తున్నాను, చూలుతో ఉంది కదా.

ఖనిజ మిశ్రమం కొనేటప్పుడు డబ్బా మీద ఏ జంతువుకో చదవండి. గొర్రెకు రాగి ఎక్కువైతే విషం, మేకకు రాగి బాగానే కావాలి. గొర్రెల డబ్బా మేకకు పెడితే చాలదు.

7వ వారం: ఈత

మేక చూలు దాదాపు 150 రోజులు. చుక్క 147వ రోజున ఈనింది.

ముందురోజే తోక మొదట్లో రెండు పక్కలా పెన్సిళ్ళలా గట్టిగా తగిలే నరాలు మెత్తబడి చేతికి దొరకలేదు. పొదుగు బిగిసి మెరుస్తోంది. రాత్రి పదకొండుకు నేలను కాలితో గీరడం, లేవడం, పడుకోవడం. నాకు ఒకటే టెన్షన్. దానికి మాత్రం ఏమీ పట్టలేదు, మధ్యమధ్యలో వచ్చి నా భుజం నాకి పోయింది.

మొదటి పిల్ల పద్ధతిగా వచ్చింది: ముందుకాళ్ళు రెండూ, వాటి మీద ముట్టె. ఆడపిల్ల. రెండోదానికి డెక్కల అడుగుభాగం పైకి కనిపించింది, అంటే వెనక కాళ్ళు ముందొస్తున్నాయి. అలా వచ్చే పిల్లకు తల బయటపడక ముందే బొడ్డుతాడు నొక్కుకుపోతుంది, ఆలస్యమైతే లోపలే ఊపిరి పీల్చబోతుంది. ఫోన్లో డాక్టరుగారు చెప్పినట్టు, చుక్క ముక్కినప్పుడే వెనక్కి, కిందికి లాగాను. మగపిల్ల. ముక్కూ నోరూ తుడిచి, గడ్డిపరకతో ముక్కులో గిలిగింత పెడితే తుమ్మాడు. ఇంత సంతోషపెట్టిన తుమ్ము నా జీవితంలో లేదు.

ఇద్దరికీ బొడ్డు అయొడిన్‌లో ముంచాను. గంటలోపే ముర్రుపాలు తాగించాను. పిల్ల పేగులు ముర్రుపాలలోని రక్షణ పదార్థాలను మొదటి కొన్ని గంటల్లోనే బాగా పీల్చుకుంటాయి, రోజు గడిస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. 24 గంటల్లో పిల్ల బరువులో పదోవంతు ముర్రుపాలు లోపలికి పోవాలి. నాలుగు గంటలకు మాయ పడింది. సందులో కాలు ఇరుక్కోకుండా అట్టముక్కలు పరిచి, తెల్లారి పట్టీల పని పట్టాను.

ఆడపిల్ల బంతి, మగవాడు గుండు. రెండనుకున్నవి నాలుగయ్యాయి.

10 నుంచి 13వ వారం: పాలు

నోటుబుక్కులో రెండో గడికి పని దొరికింది.

పిల్లలకు మూడు వారాలు నిండాక రాత్రిపూట పక్క గదిలో ఉంచి, పొద్దున్నే పితికి, తర్వాత రోజంతా తల్లితో వదిలేయడం పద్ధతి. మొదటి రోజు 180 మి.లీ. పొదుగు నిండుగానే ఉంది, చుక్కమ్మగారే పాలు చేపలేదు, అంటే కిందికి వదల్లేదు. నేను చన్ను కిందికి లాగుతున్నాను, అదే తప్పు. బొటనవేలు, చూపుడువేలితో చన్ను మొదట్లో బిగించి, పాలు పొదుగులోకి వెనక్కి పోకుండా పట్టి, మిగతా వేళ్ళు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి మూయాలి. లాగితే లోపలి కండకు దెబ్బ. మొదటి రెండు ధారలు వేరే గిన్నెలో, నల్లటి గుడ్డ మీద పితికి చూడాలి. పలుకులు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టు.

నాలుగో రోజున బకెట్లో కాలు పెట్టింది. ఆరో రోజున తన్నింది. ఎనిమిదో రోజున నాకు విసుగొచ్చి పితకకుండా ఊరికే పక్కన కూర్చుని నుదురు దాని పక్కటెముకలకు ఆనించాను. నెమరు వేస్తుంటే ఆ చప్పుడు నా తలలోకి వినిపించింది. కాసేపటికి పొదుగు దానంతటదే వదులైంది. ఆ రోజు 420. అప్పటినుంచీ పితికే ముందు రెండు నిమిషాలు అలా కూర్చుంటున్నాను. ఇది శాస్త్రమేనని తర్వాత అర్థమైంది. పాలు చేపడానికి కావలసిన హార్మోనును, భయపడినప్పుడు వచ్చే హార్మోను పనిచేయనివ్వదు.

12వ వారానికి 700 మి.లీ.

14వ వారం

నాన్నకు గుమ్మపాలు పచ్చిగా తాగాలని ఉబలాటం. "కాచితే బలం పోతుందిరా" అని. ఆయనకు మాల్టా జ్వరం కథ చెప్పాను. మాల్టా దీవిలో సైనికులు వారాల తరబడి వదలని జ్వరంతో పడిపోయేవాళ్ళు. 1887లో బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ ఆ క్రిమిని పట్టుకున్నాడు గానీ, అది మనిషిలోకి ఎలా వస్తోందో తెలియలేదు. 1905లో మాల్టా వైద్యుడు తెమిస్టోక్లీస్ జమ్మిత్ అక్కడి మేకలను పరీక్షిస్తే దారి దొరికింది: పైకి నిగనిగలాడుతున్న మేకల పాలలోంచి. బ్రూసెల్లోసిస్ అంటే అదే. నాన్న "మన చుక్కకి ఉందా?" అన్నారు. రక్తపరీక్షలో లేదని వచ్చింది. "అయినా కాచే తాగుదాం నాన్నా" అన్నాను. మరిగించకుండానే వేడితో క్రిములను చంపాలంటే (దీన్నే పాశ్చరైజ్ చేయడం అంటారు) 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచాలి. మా ఇంట్లో పొంగు వచ్చేదాకా కాచడమే.

పాలలో మేకవాసన వస్తోందని చాలామంది అంటారు. మాకైతే పితికిన వెంటనే వడకట్టి, గిన్నెను ఐసునీళ్ళలో పెట్టి చల్లార్చిన రోజుల్లో వాసన లేదు. ఫోన్ మాట్లాడుతూ గంట వదిలేసిన రోజు వచ్చింది. ఇంకోటి, ఆవుపాలు పడనివాళ్ళకు మేకపాలు పడతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు, ఆ రెండు పాలలోని మాంసకృత్తులకు పోలిక ఎక్కువ. ఏడాది లోపు పసిపిల్లలకు తల్లిపాల బదులుగా కూడా పనికిరావు.

18వ వారం

గుండుకు పదకొండు వారాలు. మగపిల్లలు మూడు నాలుగు నెలలకే చూలు చేయగలరు, చెల్లెలు తల్లి అని చూడరు. డాక్టరుగారు వచ్చి విత్తులు తీశారు.

పాలకోసం మేకను పెంచే వాళ్ళెవరూ ముందు చెప్పని మాట: పాలు కావాలంటే ఈత కావాలి, ఈతల్లో సగం మగపిల్లలు. వాటిని ఏం చేస్తారో మేక కొనకముందే తేల్చుకోవాలి. మేం గుండును ఉంచుకున్నాం. వాడు పాలివ్వడు, పిల్లలివ్వడు, అందరికన్నా ఎక్కువ తింటాడు. దాణా మాత్రం పెట్టను. విత్తులు తీసిన పోతులకు గింజల దాణా ఎక్కువైతే మూత్రనాళంలో రాళ్ళు అడ్డుపడి చచ్చిపోతాయి.

19వ వారం

జూకా పెదవులతో తలుపు గడియ తీయడం నేర్చుకుంది. దాణా డబ్బా అదృష్టం కొద్దీ ఖాళీ. గడియకు కొక్కెం పెట్టాను. ఇప్పుడు కొక్కెం దగ్గర నిలబడి నా ముఖంలోకి చూస్తుంది, తర్వాత కొక్కెం వైపు, మళ్ళీ నా వైపు. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్ళు మేకలతో ఇదే చూశారు. మూత తీయడం తమవల్ల కాని డబ్బా ఎదురైతే అవి మనిషి ముఖంలోకి చూసి సాయం అడుగుతున్నట్టు ప్రవర్తించాయి.

24వ వారం: జూకా

రెండు వారాలుగా ముసురు. పాక వెనక చెక్కేసినట్టు పొట్టిగా ఉన్న పచ్చిక మీదే వదులుతున్నాను, కొమ్మలు తెచ్చే ఓపిక లేక. బుక్కులో 690, 700, 680. అంతా బాగుందనుకున్నాను.

బుధవారం కొక్కెం దగ్గర జూకా కనిపించలేదు. మంచె మూల పడుకుని ఉంది. దవడ కింద మెత్తటి ఉబ్బు, నీటి సంచిలా. విరేచనాలేమీ లేవు, అందుకే నాకు అనుమానం రాలేదు. డాక్టరుగారు కింది కనురెప్పను వేలితో తిప్పి, జేబులోంచి ఒక కార్డు తీసి పక్కన పెట్టారు. 1 అంటే ఎరుపు, 5 అంటే తెలుపు, మొత్తం అయిదు రంగులు. రెప్ప లోపల ఎంత తెల్లబడితే రక్తం అంత తగ్గినట్టు. దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా కార్డు అది. జూకా 4, దాదాపు కాగితం రంగు.

కారణం, కడుపులోని నాలుగో అరలో చేరి రక్తం తాగే నట్టలు. ఒక్కో ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది, అవి పెంటికల్లో పడి, వెచ్చగా తడిగా ఉంటే వారం లోపే పిల్లపురుగులై గడ్డి ఎక్కుతాయి. ఎంతో ఎత్తు ఎక్కవు, నేల నుంచి రెండు మూడు అంగుళాలే. పొట్టి పచ్చిక మీద వదిలానంటే, పళ్ళెంలో పెట్టి తినిపించినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందండీ?" అన్నారాయన. బుక్కు తెచ్చాను. పద్నాలుగు వారాల పాల లెక్క, ఒక్కరోజూ తప్పలేదు. జూకా గురించి ఒక్క ముక్క లేదు. పాలివ్వదు కదా. ఆయన పేజీలు తిప్పి, ఏమీ అనకుండా తిరిగిచ్చారు. తిట్టినా బాగుండేది.

తూకం వేసి మందు పోశారు. మేక శరీరం నట్టల మందును గొర్రె కన్నా తొందరగా బయటికి పంపేస్తుంది, అందుకే డబ్బా మీది గొర్రె మోతాదు నమ్ముకోకూడదు. నేను నెలకోసారి అందరికీ పోసేద్దామా అని అడిగితే గట్టిగా వద్దన్నారు. అలా చేస్తే మందుకు చావని నట్టలే మిగిలి, వాటి సంతతే దొడ్డి నిండుతుంది. చుక్క 2, గుండు 2, వాళ్ళకు పోయలేదు. బంతి 3, పోశారు. రెండు వారాల తర్వాత పేడ పరీక్షలో గుడ్లు ఎంత తగ్గాయో చూస్తేనే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ఆ రాత్రి జూకా పక్కన పడుకున్నాను. చుక్క వచ్చి రెండోవైపు పడుకుంది.

26వ వారం

గుడ్లు బాగా తగ్గాయి. జూకా కనురెప్ప 3. కొమ్మల మేత మళ్ళీ మొదలు, మంచు ఆరాకే బయటికి. బుక్కులో కొత్త పేజీ: ఒక్కొక్కరికి ఒక్కో వరస. కనురెప్ప (వారానికోసారి), నెమరు, పెంటికలు, నడక. పాల గడి చివరికి వెళ్ళింది, చోటు చాలక దాన్ని సన్నగా గీశాను. మొత్తం చూడటానికి అయిదు నిమిషాలు పడుతోంది. డెక్కలు ఆరు వారాలకోసారి కత్తిరించడం కూడా ఇందులోనే రాసుకుంటున్నాను.

35వ వారం

జూకా ఎదకు వచ్చింది. పగలూ రాత్రీ అరుపులు, తోక ఆగకుండా ఊపడం, గుండు మీదికెక్కడం. పాపం వాడికి ఏమీ అర్థం కాలేదు. ఒకటిన్నర రోజులో చల్లబడింది. మళ్ళీ 21 రోజులకు రావాలి.

పోతును ఇంట్లో పెట్టుకునే ఉద్దేశం లేదు. ఎద కాలంలో అది తన గడ్డం మీద తనే మూత్రం పోసుకుంటుంది, ఆ కంపు మన బట్టలకు సబ్బు పెట్టినా పోదు. కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అనే ఆమ్లాలకు ఆ పేర్లు లాటిన్‌లో మేక పేరు నుంచే వచ్చాయి, ఇంక చెప్పేదేముంది.

చుక్కను ఈసారి దాటించకూడదనుకున్నాం. కొన్ని మేకలు మళ్ళీ ఈనకుండానే ఏడాది దాటి పాలిస్తాయి. ఎన్ని ఇస్తే అన్ని. మళ్ళీ ఇద్దరు పిల్లలు, అందులో ఒక గుండు అంటే చోటు లేదు. జూకా విషయం తేలలేదు. నేను వద్దన్నాను, చావు దాకా వెళ్ళొచ్చింది కదా అని. డాక్టరుగారు తూకం చూసి, కనురెప్ప చూసి, "ఇప్పుడు దీనికేం లోటు లేదండీ" అన్నారు.

38వ వారం, ఈ రోజు

చుక్క: కనురెప్ప 2, నెమరు ఉంది, పాలు 460.
బంతి: 2. ఎడమ ముందు డెక్క కత్తిరించాలి.
గుండు: 1. నా టోపీ సగం తిన్నాడు.
జూకా: 2. తెల్లవారుజామున నాలుగింటి నుంచి అరుపులు. 21వ రోజు.

రక్తపరీక్ష చేయించిన పోతు ఉన్నాయనకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం తీసుకు రమ్మన్నాడు. చుక్కను కూడా బండి ఎక్కించాలి, అది తోడు లేకపోతే జూకా కదలదు.